ఒకే బొకే

మా మేనల్లుడు డాలస్‌లో ఉంటాడు. వాడికి మా మీద ప్రేమ రాత్రి పదిన్నరకి పుడుతుంది. అంటే మాకు పొద్దున్న తొమ్మిది. కుక్కరు కూసే వేళ, పాలు పొంగే వేళ, నేను స్నానాల గదిలో ఉండే వేళ. ఆ శుక్రవారం కూడా సరిగ్గా ఆ వేళకే ఫోను మోగింది.

“మామయ్యా, ఇవాళ అమ్మమ్మ బర్త్‌డే. బొకే ఆర్డర్ పెట్టేస్తున్నా. సేమ్ డే డెలివరీ. ఆవిడకి చెప్పకేం, సర్‌ప్రైజ్.”

మా అమ్మ పుట్టినరోజు ఎప్పుడన్నది మా ఇంట్లో ఇంకా తేలని వ్యవహారం. ఆవిడది తిథి లెక్క. ఆధార్ కార్డుది జూలై ఒకటి లెక్క. ఆ తరంలో బళ్ళో చేరిన సగంమందిని పంతుళ్ళు ఒకే రోజున పుట్టించేశారు. మేనల్లుడిది, వాళ్ళమ్మ ఎప్పుడో చెబితే ఫోన్లో దాచుకున్న ఇంగ్లీషు తారీఖు లెక్క. ఈ మూడూ ఒక్క రోజున పడ్డ ఏడాది ఇంతవరకూ లేదు. ఎనభై నిండాయని అంటాం గానీ, ఏడాదికి మూడు చొప్పున లెక్కేస్తే మా అమ్మ సి.పి. బ్రౌన్ దొరకంటే పెద్దదవుతుంది.

సరే, తారీఖు సంగతి వదిలేద్దాం. చిక్కంతా వారంతో వచ్చింది. ఆ రోజు వరలక్ష్మీ వ్రతం. శ్రావణ పున్నమికి ముందొచ్చే శుక్రవారం నాడు హైదరాబాదులో అప్పటికప్పుడు బొకే కావాలనడం, భోగి ముందు రోజు రాత్రి విజయవాడ బస్సెక్కి కిటికీ సీటు అడగడం లాంటిది. అడగొచ్చు. కండక్టరు కూడా నవ్వుతాడు.

“వద్దురా నాయనా. ఇవాళ గుడిమల్కాపూర్ మార్కెట్లో కనకాంబరాలు తూస్తుంటే జనం బంగారం కొట్లో ముల్లు చూసినట్టు చూస్తున్నారట. నేను కింద పూలామె దగ్గర నాలుగు మూరలు కొని నీ పేరు చెప్పి ఇచ్చేస్తాలే” అన్నాను.

“అది గిఫ్ట్ ఎలా అవుతుంది మామయ్యా, గ్రోసరీ అవుతుంది గానీ” అన్నాడు వాడు.

పూలామెని గ్రోసరీ అన్నందుకు నాకు కొంచెం రోషం వచ్చింది. ఆవిడ సంగతి చెప్పాలి. మేం ఉండేది బోరబండలో, ఓ సందులో, మూడో అంతస్తులో. లిఫ్టు లేదు. రోజూ ఏడింటికి కింద నుంచి “పూలూ...” అని కేక. ఆ దీర్ఘం మా వీధి మలుపు తిరిగి వచ్చేలోపు మా అమ్మ బాల్కనీలోంచి తాడు కట్టిన సంచి దింపుతుంది. సంచిలో డబ్బులు కిందికి, ఆకులో చుట్టిన పూలు పైకి. మొత్తం వ్యవహారం అర నిమిషం. ఓటీపీ లేదు, లొకేషన్ లేదు, రేటింగ్ లేదు. ఉన్నదల్లా మూర దగ్గర తగువు. మూరంటే మోచేతి నుంచి వేలి కొసదాకా. ఎవరి మోచేయి అన్నది శాస్త్రంలో రాసిలేదు. పూలామెది పొట్టి చెయ్యి. కొలిచేటప్పుడు ఆ చెయ్యి ఇంకాస్త మడుస్తుందని మా అమ్మ అభియోగం. “పెద్దమ్మా, నా చెయ్యి దేవుడిచ్చిండు, నేనేం కోసుకున్ననా?” అని ఆవిడ జవాబు. ఈ కేసు పదకొండేళ్ళుగా మూడో అంతస్తుకీ నేలకీ మధ్య నడుస్తోంది. తీర్పు రాలేదు, బేరం ఆగలేదు.

ఆవిడ రాత్రి రెండున్నరకి లేచి, నలుగురితో కలిసి ఆటో మాట్లాడుకుని గుడిమల్కాపూర్ వెళ్తుంది. మెహిదీపట్నం పక్కనున్న ఆ మార్కెట్టుకి చేవెళ్ళ, శంకర్‌పల్లి వైపు తోటల నుంచీ, కర్ణాటక నుంచీ పూలు దిగుతాయి. చామంతి, బంతి, లిల్లీ, మరువం అన్నీ బస్తాల్లోనూ గంపల్లోనూ. ఆవిడ అయిదింటికల్లా తిరిగొచ్చి, గడప మీద కూచుని మాల కట్టి, ఏడింటికి కేకేస్తుంది. అంటే అర్ధరాత్రి ఎక్కడో చేలో ఉన్న చామంతి పొద్దున్నకి మా లక్ష్మీదేవి పటం మీద ఉంటుంది. దీన్ని సేమ్ డే డెలివరీ అనరట. గ్రోసరీ అట.

ఈలోగా మేనల్లుడు ఆర్డరు పెట్టడం మొదలెట్టాడు. చిరునామా దగ్గర ఆగాడు.

“మామయ్యా, మీది సైట్ వన్నా, టూనా, త్రీనా?”

“త్రీ.”

“మ్యాప్‌లో గుడి చూపిస్తోంది, దాని పక్కనా?”

“అది వేరే గుడి. మాది మసీదు సందులోంచి లోపలికొచ్చి, నీళ్ళ ట్యాంకు దగ్గర ఎడమకి తిరిగి, ఇస్త్రీ బండి...”

“ఇస్త్రీ బండి మ్యాప్‌లో లేదు మామయ్యా.”

మ్యాప్‌లో ఉండదు నిజమే. ఇస్త్రీ బండి సాయంత్రం అయిదు తర్వాత సందులో కూడా ఉండదు. మా ఊరు బండల మీద పుట్టిన ఊరు. పేరులోనే బండ ఉంది. ఎక్కడ బండరాయి అడ్డొస్తే అక్కడ సందు వంక తిరిగింది. ఇంటి నంబర్లు ఓ అంకె, ఓ అడ్డగీత, ఇంకో అంకె అని మొదలై, ఇంకో అడ్డగీత, ఒక ఇంగ్లీషు అక్షరం, మళ్ళీ అడ్డగీత అంటూ కొన్నిచోట్ల బీజగణితంలోకి వెళ్ళిపోతాయి. ఇంతకీ మా బోరబండ చిరునామా తడుముకోకుండా పట్టుకున్నది నాకు తెలిసి ఒక్క భూకంపమే. 2020 అక్టోబరులో ఓ రాత్రి భూమి లోపల్నుంచి దడదడమని చప్పుళ్ళొస్తే మేమంతా రోడ్ల మీద పడ్డాం. ఎన్‌జీఆర్ఐ వాళ్ళు లెక్కగట్టి 1.4 తీవ్రత అన్నారు. అంత చిన్న భూకంపానికి దొరికిన ఇల్లు, అంత పెద్ద ఉపగ్రహాలకి దొరకడం లేదు.

వాడు అక్కడ నిద్రమత్తులో ఉన్నాడు. ఇంకో పొరపాటు చేశాడని నాకు రాత్రికి గానీ తెలియలేదు. పంపేవారి నంబరు, అందుకునేవారి నంబరు అని రెండు గళ్ళుంటాయి కదా, వాటిని తిరగేశాడు. పంపేవాణ్ణి నేనయ్యాను. బోరబండలో బొకే అందుకునేవాడు డాలస్‌లో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.

పువ్వులు దూరం పంపాలంటే పువ్వుని పంపకూడదు, మాటని పంపాలి అని అమెరికావాళ్ళు ఎప్పుడో తెలుసుకున్నారు. పువ్వు రైలెక్కితే దిగేసరికి ఎండు కూరవుతుంది. అందుకని 1910లో అక్కడ కొందరు పూలకొట్లవాళ్ళు కూడబలుక్కుని టెలిగ్రాఫ్ మీద ఆర్డర్లు మార్చుకోవడం మొదలుపెట్టారు. ఈ ఊళ్ళో కొట్లో డబ్బు కడితే ఆ ఊళ్ళో కొట్టువాడు పూలు కట్టి ఇంటికి చేరుస్తాడు. ఫ్లోరిస్ట్స్ టెలిగ్రాఫ్ డెలివరీ అని పేరు పెట్టుకున్నారు. గుర్తుగా కాళ్ళకి రెక్కలున్న రోమన్ల దేవుడు మెర్క్యురీ బొమ్మ పెట్టుకున్నారు. అంటే వాళ్ళ నారదుడన్నమాట.

అక్కడే నాకు కొంచెం భయం వేసింది. మన నారదుడికి పూల డెలివరీ అప్పగిస్తే ఏమైందో ముక్కు తిమ్మన పారిజాతాపహరణంలో పూసగుచ్చినట్టు చెప్పాడు. ఉన్నది ఒకే ఒక్క పువ్వు. స్వర్గం నుంచి ద్వారకకి చక్కగానే వచ్చింది. కానీ అందుకునేవారి గడిలో తేడా జరిగింది. కృష్ణుడు దాన్ని రుక్మిణికిచ్చాడు. కబురు సత్యభామకి చేరింది. తర్వాత అలక, బతిమాలడం, భర్త తలమీద తన్ను. చివరికి నష్టపరిహారం కింద చెట్టుకి చెట్టే పెకలించుకు రావాల్సొచ్చింది, మధ్యలో ఇంద్రుడితో యుద్ధం. ఒక్క పువ్వు తప్పుగా చేరితే కంపెనీకి ఎంత ఖర్చో చూడండి. తెలుగులో ఇంతకంటే వివరమైన ఫిర్యాదు పత్రం ఇంకోటి రాలేదని నా నమ్మకం.

పదకొండింటికి మొదటి ఫోను. ఢిల్లీ నుంచి, హిందీలో. “సర్, మీ ఆర్డర్ కన్ఫర్మ్ అయింది.” సంతోషించాను. పన్నెండింటికి రెండో ఫోను, ఈసారి తెలుగులో, పూలకొట్టు నుంచి.

“సార్, మీరు పంపే బొకేలో ఆరు ఆర్కిడ్లున్నయ్ కదా, అవి లేవు సార్. జెర్బెరా వేస్తం.”

నేను పంపేవాణ్ణి ఎలా అయ్యానా అని ఆలోచించి, అంతలో మర్చిపోయి, సరే అన్నాను. ఒంటిగంటకి మళ్ళీ.

“సార్, రెడ్ రోజెస్ పన్నెండు అన్నరు. అయిదే ఉన్నయ్. వ్రతం కదా సార్, పొద్దున్నే లేచిపోయినయ్. తెల్ల చామంతి కలిపి ఫుల్‌గా చేస్తం.”

రెండున్నరకి మళ్ళీ. “సార్, జెర్బెరా గూడ నాలుగే సార్.”

“మిగతాది?”

“ఆకు పెడతం సార్. మంచి ఫారిన్ ఆకు.”

వాణ్ణి అనడానికి నాకు నోరు రాలేదు. అటువైపు చప్పుళ్ళు వినిపిస్తున్నాయి. పెళ్ళివాళ్ళు కారుకి పూలంటున్నారు, ఎవరో సెహ్రా అడుగుతున్నారు, ఎవరో అమ్మవారికి గజమాల అంటున్నారు. ఆ రోజు పూలకొట్లో నిలబడ్డవాడికి కుంభమేళాలో బొట్టుపెట్టె అమ్మేవాడికున్నంత పని. కానీ లెక్క చూస్తే, మా మేనల్లుడు డాలర్లలో కొన్న పూలగుత్తి క్రమక్రమంగా మా పూలామె గంపలా మారుతోంది. ఇంకో రెండు ఫోన్లొస్తే మరువం, దవనం కూడా వేసేవాళ్ళే.

ఇంట్లో వ్రతం నడుస్తోంది. మా ఆవిడ కలశం పెట్టింది. మా అమ్మ పక్కన కూచుని పర్యవేక్షణ. ఆవిడ పుట్టింది కడియం పక్కన. రాజమండ్రికి కూతవేటులో కాలవగట్టు వెంట ఎటుచూసినా నర్సరీలున్న ఊరు. కడియపులంక మార్కెట్టు నుంచి పూలు లారీలకెత్తే చోట పెరిగిన పిల్ల. అక్కడ పువ్వు కొనుక్కోవడమంటే గోదావరి గట్టున కూచుని మంచినీళ్ళ సీసా కొనడమంత నామోషీ. హైదరాబాదొచ్చి నలభై ఏళ్ళయినా, పువ్వుకి డబ్బిస్తున్నప్పుడల్లా ఆవిడ మొహంలో ఓ క్షణం ఆ అవమానం కనిపిస్తుంది. అలాంటి మనిషికి మావాడు బొకే పంపుతున్నాడు.

సాయంత్రం అయిదున్నరయింది. బొకే రాలేదు. ఏడింటికి మేనల్లుడు వీడియో కాల్ చేస్తానన్నాడు. అప్పటికి వాడికి పొద్దున ఎనిమిదిన్నర. ఆఫీసుకి వెళ్ళేముందు అమ్మమ్మ మొహంలో ఆనందం చూసి వెళ్ళాలని. ఆనందం మాట అటుంచి, మొహం ముందు ఏదో ఒకటి పెట్టాలి కదా.

పూలామె దగ్గరికి దిగాను. గంప బోర్లించి కూచుని ఉంది.

“ఇయ్యాల ఏం లెవ్వు సారూ. ఆకులు గూడ అమ్ముడువొయినయ్” అంది, లక్షాధికారి విశ్రాంతితో.

అప్పుడు గుర్తొచ్చింది ఫిల్మ్‌నగర్.

నా ఉద్యోగం గురించి చెప్పలేదు. ఫిల్మ్‌నగర్‌లో కథాచర్చల్లో కూర్చోవడం నా పని. డైరెక్టరు గారు ఒక సీను చెబుతారు. నలుగురం వింటాం. అందులో ముందుగా నవ్వేది నేను. తెరమీద పేరు పడదు గానీ టిఫిను బాగుంటుంది. బోరబండవాళ్ళు నన్ను సినిమావాడంటారు, సినిమావాళ్ళు నన్ను బోరబండ అంటారు. ఆ పొద్దున్నే మా ఆఫీసులో కొత్త సినిమా పూజ జరిగింది. మంచి శుక్రవారం కదా, దేవుడి పటాల మీద క్లాపు కొట్టి, కెమెరా స్విచాన్ చేసి, కొబ్బరికాయ కొట్టారు. నేను వ్రతం వంకతో వెళ్ళలేదు. అయితే పూజ జరిగిన ఆఫీసులో సాయంత్రానికి ఏం మిగులుతుందో నాకు తెలుసు.

సినిమావాళ్ళ ఊళ్ళో బొకే ఎలా తిరుగుతుందో బయటివాళ్ళకి తెలియదు. బొకే ఇచ్చేది చేతికి కాదు, ఫోటోకి. నిర్మాత చేతిలో పెట్టి, ఇద్దరూ కెమెరా వైపు చూసి పళ్ళు చూపించి, ఫ్లాషు వెలిగిందో లేదో, బొకే వెనకున్న మేనేజరు చేతికి, అతని నుంచి ఆఫీసు బాయ్ చేతికి, అక్కణ్ణుంచి సోఫా మీదికి. కొన్నిసార్లు హడావిడిలో అదే బొకే మళ్ళీ ముందు గదిలోకొచ్చి ఇంకో పెద్దమనిషి ఇంకో పెద్దమనిషికి ఇస్తాడు. ఒకే బొకే, నాలుగు ఫోటోలు. శాలువాకీ ఇదే యోగం. కాకపోతే శాలువా వాడదు కాబట్టి దానికి పునర్జన్మలు ఎక్కువ. పూలకి సినిమాలో గొప్ప బతుకు రాఘవేంద్రరావు గారి పాటల్లోనే. అక్కడ వాటిని నాయిక మీద చల్లుతారు, ఒక షాటులో పనైపోతుంది, మర్నాటికి కొత్తవి తెస్తారు. ఆఫీసు బొకేకి ఆ అదృష్టం కూడా లేదు. సోఫా మీద సెల్లోఫేన్‌లో ఊపిరాడక రాత్రి దాకా పడుంటుంది.

స్కూటరు తీశాను. యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ మీదుగా దూరి వెళ్తే అరగంట. కృష్ణానగర్‌లో అప్పుడే షూటింగు వదిలిన జూనియర్ ఆర్టిస్టులు దిగుతున్నారు. పోలీసు డ్రెస్సులోనే ఉన్న ఓ పెద్దమనిషి టీ కొట్టు దగ్గర నా హెల్మెట్ వంక చూశాడు. అలవాటు కొద్దీ భయపడ్డాను.

ఆఫీసులో సోఫాల మీద పదిహేను బొకేలున్నాయి. “తీస్కపోండన్నా, రాత్రి ఎట్లాగూ మున్సిపాలిటీకే” అన్నాడు ఆఫీసు బాయ్. అందులో పెద్దదీ, ఎర్ర గులాబీలున్నదీ ఏరుకున్నాను. మధ్యలో అదృష్టం కొద్దీ నాలుగు ఊదారంగు ఆర్కిడ్లు కూడా ఉన్నాయి. మేనల్లుడు పంపిన దానికంటే మేనల్లుడు పంపినట్టే ఉంది. కాళ్ళ మధ్య నిలబెట్టుకుని, దారంతా ఎదురుగాలికి సెల్లోఫేన్ తప్పెట కొడుతుంటే, ఏడింటికి అయిదు నిమిషాల ముందు ఇల్లు చేరాను.

వీడియో కాల్ వచ్చింది. మా అమ్మ చీర కొంగు సర్దుకుని కూచుంది. నేను వంటింట్లోంచి బొకే తెచ్చి చేతిలో పెట్టాను. మేనల్లుడు చప్పట్లు కొట్టాడు.

“హ్యాపీ బర్త్‌డే అమ్మమ్మా!”

“నా పుట్టినరోజు మొన్న పంచమికే అయిపోయింది కదరా. అయినా బాగున్నాయి. ఎందుకురా ఇంత డబ్బు తగలేసేవు?” అంది అమ్మ, తగలేసినందుకు సంతోషిస్తూ. బొకేని తిప్పితిప్పి చూసింది. సెల్లోఫేన్ మడతలో ఓ చిన్న కవరు దొరికింది. నా గుండె జారింది. నేను దాన్ని చూడలేదు.

అమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. కవరు చింపింది. బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు గట్టిగా చదివింది.

“ది-గ్వి-జయంగా శతదినోత్సవం జరుపుకోవాలని ఆకాంక్షిస్తూ... మీ డిస్ట్రిబ్యూటర్లు.”

గదిలో కాసేపు ఫ్యాను చప్పుడే వినిపించింది. తర్వాత అమ్మ నా వైపు తిరిగింది.

“అంటే నాకింక వంద రోజులేనా?”

“అది కాదమ్మా...”

“ఎవర్రా ఈ డిస్ట్రిబ్యూటర్లు? ఆస్తి పంపకాలవాళ్ళా?”

మా నాన్న అప్పటిదాకా పేపరు చాటున ఉన్నాడు. పేపరు దించకుండానే, “వంద రోజులంటే తక్కువనుకుంటున్నావేంటే? ఈ రోజుల్లో మూడు రోజులాడితే పండగ చేసుకుంటున్నారు” అన్నాడు.

తెరమీద మేనల్లుడు బొకేని పరీక్షగా చూస్తున్నాడు. “మామయ్యా, నేను పెట్టింది బాస్కెట్ కదా? ఇది చేతిలో పట్టుకునే టైపు.”

“సబ్‌స్టిట్యూషన్‌రా” అన్నాను. మధ్యాహ్నం నేర్చుకున్న విద్య సాయంత్రానికి పనికొచ్చింది. “బుట్టలు కూడా దొరకలేదట.”

వాడు నమ్మాడు. నమ్మి ఆఫీసుకి వెళ్ళాడు. ఫోనులో రాత్రంతా ఎత్తని ఏడు కాల్స్ ఇండియా నంబరు నుంచి ఉన్నాయనీ, ఏదో మోసగాళ్ళ నంబరనుకుని బ్లాక్ చేశాననీ వాడు చెప్పింది ఆ తర్వాత.

ఆ ఏడు కాల్స్ చేసిన కుర్రాడు ఆ సమయంలో ఎక్కడున్నాడంటే, బోరబండ ఎంఎంటీఎస్ స్టేషను దగ్గర. మ్యాప్‌లో పిన్ను అక్కడ గుచ్చుకుంది. హైటెక్ సిటీ, భరత్‌నగర్ మధ్యనున్న ఆ స్టేషనులో దిగి పోయేవాళ్ళని ఒక్కొక్కర్నీ అడిగాడట, ఈ పేరుగల పెద్దావిడ తెలుసా అని. తర్వాత మిగతా పదకొండు ఆర్డర్లు ఇచ్చొచ్చాడు. మాది మిగిలింది. వెనక్కి తీసుకెళ్తే ఆ రోజు డబ్బులు పోతాయి. సైట్ వన్, సైట్ టూ తిరిగి సైట్ త్రీ చేరాడు. మసీదు దగ్గర ఆగాడు. మా వైపు మసీదులు చాలా ఉన్నాయి. అన్నింటి దగ్గరా ఆగాడు.

రాత్రి పదకొండూ నలభై. మేం పడుకున్నాం. కింద నుంచి కేక.

“పెద్దమ్మా! సంచి ఇడువు!”

ఆ గొంతు ఆ వేళప్పుడు వినడం అదే మొదటిసారి. బాల్కనీలోకి పరిగెత్తాం. కింద వీధి దీపం కింద పూలామె, ఆవిడ పక్కన స్కూటీ మీద ఓ కుర్రాడు, వాడి కాళ్ళ మధ్య బుట్ట. మర్నాటి మార్కెట్టుకి ముందుగా ఆటో మాట్లాడిపెట్టుకోవడానికి రోడ్డు మీదికొచ్చిన ఆవిడకి కుర్రాడు చిరునామా చూపించాడట. అడ్డగీతల నంబరు ఆవిడకీ అర్థం కాలేదు. వయసు అడిగింది, పేరు అడిగింది. “గా తాడు సంచి ఇల్లా?” అని తీసుకొచ్చేసింది.

నేను మెట్లు దిగబోయాను. మా అమ్మ ఆపింది. సంచి దింపింది. కుర్రాడు బుట్టని సంచిలో పెట్టాడు. పట్టలేదు. పూలామె సంచి తీసేసి తాడుని బుట్ట కాడకే రెండు ముళ్ళు వేసింది. అమెరికాలో పుట్టి, ఢిల్లీ మీదుగా తిరిగి, స్టేషను చూసి, మూడు సైట్లు తిరిగిన సేమ్ డే డెలివరీ, ఆ రోజు ముగియడానికి ఇరవై నిమిషాల ముందు, చేంతాడు మీద బావిలో బిందెలా ఊగుతూ పైకొచ్చింది.

“ఓటీపీ చెప్పండి సార్!” అన్నాడు కింద నుంచి.

ఓటీపీ డాలస్ వెళ్ళింది. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటా పది. మేనల్లుడు మీటింగులో ఉన్నాడు. మేం ఇక్కణ్ణుంచి ఫోను చేస్తుంటే వాడు అక్కణ్ణుంచి “బిజీ, కాల్ యూ లేటర్” అని మెసేజీలు పంపుతున్నాడు. కుర్రాడు ఓటీపీ లేకుండా కదలనన్నాడు. న్యాయమే. మా అమ్మ అదే తాడుకి సంచి కట్టి, రెండు పొట్లాల్లో పులిహోర, వాయనం శనగలు, రెండేసి బూరెలు పెట్టి దింపింది. కుర్రాడూ పూలామే అరుగు మీద కూచుని తిన్నారు. పావుగంట తర్వాత నాలుగంకెలొచ్చాయి. నేను బాల్కనీలోంచి అరిచి చెప్పాను. వినపడలేదన్నాడు. ఎదురింటాయన కిటికీ తెరిచి, నిద్రకళ్ళతో, నాకంటే స్పష్టంగా చెప్పాడు.

ఇంక మా అమ్మకి నిద్ర పట్టదు. రెండు బొకేలూ నేలమీద పెట్టుకుని కూచుంది. పుష్పవిలాపం రాసిన కరుణశ్రీ గారి దేశంలో పువ్వు తుంచాలంటే చెయ్యి వణకాలి. మా అమ్మకి వణకలేదు. ముందు సెల్లోఫేను విప్పి మడత పెట్టి పరుపు కింద దాచింది. రిబ్బన్లు మనవరాలి జడకి. మొగ్గలకి తొడిగిన తెల్ల వల టోపీలు తీస్తూ, “వీటికి మంచు టోపీలెందుకురా” అంది. జెర్బెరా కాడ వెంట సన్నటి ఇనప తీగ చుట్టి ఉంది. “మెడ నిలబడక కట్టు కట్టేరు పాపం” అని జాలిపడి, తీగ విప్పి, గ్యాస్ పొయ్యి కన్నాలు పొడుచుకోవడానికి దాచింది. బుట్ట అడుగున ఆకుపచ్చ స్పంజి చూసి, వేలితో గుచ్చి, వేలు దిగబడిపోతే భయపడింది. తెల్ల చామంతులు వాసన చూసి, “ఇవి మన పూలామె గంపలోవే” అని తీర్మానించింది. కావొచ్చు. అందరూ తెచ్చేది గుడిమల్కాపూర్ నుంచే కదా.

గులాబీలు తలల దాకా తుంచి అమ్మవారి ముందు పెట్టింది. కాడలు పారేస్తుందనుకున్నాను. పారెయ్యలేదు. ఒక్కోటీ దీపం దగ్గర పట్టుకుని కణుపులు లెక్కపెట్టింది. నాలుగు కణుపులున్నవి ఉంచి, కత్తిపీట మీద అడుగున ఏటవాలుగా కోసింది. పైకొసకి అద్దడానికి పేడ కావాలంది. అర్ధరాత్రి బోరబండలో పేడ ఎక్కడ తేను? బంకమన్ను చాలులే అని రాజీ పడింది. తులసికోట పక్కన పాత పెయింటు డబ్బాలో వరసగా గుచ్చింది. శ్రావణం ముసురు, నాటితే రాయి కూడా చిగురేస్తుంది అంది. ఆ పని చేస్తున్నంతసేపూ ఆవిడ ఎనభై ఏళ్ళ మనిషిలా లేదు, కడియపులంక కాలవగట్టు మీద అంటు కట్టే పిల్లలా ఉంది.

మర్నాడు ఏడింటికి కేక వినిపించింది. సంచి దిగింది. మూర దగ్గర తగువు మామూలే. చివర్లో పూలామె, “పెద్దమ్మా, రాత్రి బుట్టకి ఎంత పెట్టిండ్రు?” అని అడిగింది. అమ్మ సగం చెప్పింది. ఆవిడ గంప దించి నేలమీద కూచుంది.

మూడు వారాలకి నా ఫోనుకి ఓ మెసేజీ వచ్చింది. పంపేవాణ్ణి నేనే కదా. మీ పూలు అందాయా, మా సేవకి ఎన్ని చుక్కలిస్తారు, అయిదులో ఒకటి నొక్కండి అని. అమ్మకి చదివి వినిపించాను. ఆవిడ పెయింటు డబ్బా మీదికి వంగి ఉంది. పదకొండు కాడల్లో ఎనిమిది నల్లబడ్డాయి. మూడింటికి కణుపుల దగ్గర ఎర్రటి చిగుళ్ళు, బియ్యపుగింజంత.

“అప్పుడే ఏం చెబుతాంరా” అంది తలెత్తకుండా. “మొగ్గ పడనీ, చూద్దాం.”